డీజిల్ ట్రక్కు మెకానిక్‌గా నాలుగో ఏడు: భాగాలు మార్చడం వచ్చింది, లోపం పట్టుకోవడం ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. నేను బరువు లారీల డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మూడేళ్లు పూర్తిచేసి నాలుగో ఏట అడుగుపెట్టాను. మొదటి ఏడాదంతా భాగాలు కడగడం, గ్రీజు కొట్టడం, ఆయిలు, ఫిల్టర్లు మార్చడంతోనే గడిచింది. రెండో ఏడాది బ్రేకులు, క్లచ్ ప్లేట్లు, హబ్ బేరింగులు నా చేతికి వచ్చాయి. ఆ తర్వాత హెడ్డు (సిలిండర్ల పైమూత) దింపడం, ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయడం వరకూ వచ్చాను. ఏ భాగాన్నయినా విప్పి, కొత్తది బిగించి, బండిని బయటికి పంపగలనన్న నమ్మకం నాకు ఉండేది. ఇటీవల జరిగిన ఒక సంగతి ఆ నమ్మకాన్ని కదిలించింది.

ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజను ఉన్న లారీ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. ఇలాంటి ఇంజనులో ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్‌ను ఎక్కువ ప్రెషరుతో నిలవ ఉంచి ఇచ్చే ఉమ్మడి గొట్టాన్నే రైలు అంటాం. పొద్దున్నే స్టార్టు కావడానికి చాలాసేపు తిప్పవలసి వస్తోందని, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పుల్లింగ్ పడిపోతోందని డ్రైవరు చెప్పాడు. స్కానరు తగిలిస్తే రైలు ప్రెషరు ఉండవలసిన దానికంటే తక్కువగా ఉందన్న కోడు వచ్చింది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరిగిపోయి డీజిల్‌ను రిటర్నులోకి (ట్యాంకుకు తిరిగి వెళ్లే దారిలోకి) వదిలేస్తున్నాయని నేను తేల్చేసుకుని ఆరింటినీ మార్చేశాను. రెండు రోజులు తిరక్కుండానే బండి అదే జబ్బుతో వెనక్కి వచ్చింది. పైగా ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా నడిచేటప్పుడు, ఇంజను ఊగడమనే కొత్త రోగం తోడయింది. చివరకు మా యజమాని పిలిపించిన మరో మెకానిక్ వచ్చి, ట్యాంకు నుంచి మొదటి ఫిల్టరుకు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు కింద పగిలి గాలి పీలుస్తోందని అరగంటలో కనిపెట్టాడు. గొట్టం మార్చగానే స్టార్టింగు, పుల్లింగ్ రెండూ కుదిరాయి, ఐడిల్ ఊగడం మాత్రం అలాగే ఉంది.

ఆ ఇంజెక్టర్ల ఖర్చు గురించి యజమాని నన్ను అందరి ముందూ నిలదీశారు. తప్పు నాదే కాబట్టి ఎదురు చెప్పలేదు. అయితే లోపాన్ని ఎలా వెతకాలో ఈ మూడేళ్లలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినవారు ఒక్కరూ లేరన్న బాధ మాత్రం మిగిలింది. అనుభవజ్ఞులు ఇంజను శబ్దం విని చెబుతారు, కొత్తవారు స్కానరు చూసి చెబుతారు. నేను ఈ రెండింటిలో దేన్ని పట్టుకుని నేర్చుకోవాలి? మరో సందేహం కూడా ఉంది. ఈ వయసుకే సాయంత్రానికి నడుము పట్టేస్తోంది, రాత్రి పడుకున్నాక చెవుల్లో గుయ్యిమని మోగుతోంది. అరవై ఏళ్లదాకా చేయగలిగిన పనేనా ఇది?

జవాబు 1: ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంజను పని చేస్తున్న మెకానిక్

తమ్ముడూ, మీరు రాసిన తీరు చూస్తే లోపం పట్టుకోవడానికి కావలసిన సగం గుణం మీలో ఇప్పటికే ఉందని తెలుస్తోంది. ఎందుకంటే డ్రైవరు చెప్పిన రెండు లక్షణాలనూ మీరు పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఇంజెక్టర్ల జోలికి వెళ్లేవారు కాదు.

ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే ఫీడు పంపుకు ముందు ఉన్న దారిలో డీజిల్‌ను వెనకనుంచి తోసేది ఏదీ లేదు, పంపు పీల్చుకోవడమే. అక్కడ గొట్టం పగిలితే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద తడి కనిపించదు గనుక లీకు లేదని మనం అనుకుంటాం. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు ఆ పగులులోంచి గాలి చేరి, గొట్టంలోని డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపు ఆ ఖాళీని మళ్లీ నింపుకోవాలి కాబట్టి ఎక్కువసేపు తిప్పవలసి వస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ డీజిల్ అడుగుతుంది, పీల్చే బలం పెరుగుతుంది, దాంతో గాలి కూడా ఎక్కువ వస్తుంది, పుల్లింగ్ పోతుంది. పొద్దుటి స్టార్టింగు, ఎత్తు మీద పుల్లింగ్, రెండూ ఆ గొట్టం వైపే వేలు చూపుతున్నాయి. స్కానరు చెప్పిన కోడు కూడా అబద్ధం కాదు. రైలులో ప్రెషరు నిజంగానే తక్కువగా ఉంది. ఎందుకు తక్కువగా ఉందో చెప్పడం కోడు పని కాదు.

రైలు ప్రెషరు తగ్గడానికి ఎన్ని కారణాలు ఉండవచ్చో చూడండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడిపోవచ్చు, పీల్చే గొట్టం గాలి పట్టవచ్చు, మొదటి ఫిల్టరు నిండిపోవచ్చు, ఫీడు పంపు బలహీనపడవచ్చు, హైప్రెషరు పంపు అరగవచ్చు, దానికి డీజిల్ కొలిచి ఇచ్చే వాల్వు ఇరుక్కోవచ్చు, రైలు చివరనున్న రిలీఫ్ వాల్వు కారవచ్చు, ఇంజెక్టర్లు రిటర్నుకు వదిలేయవచ్చు, అన్నీ బాగానే ఉండి సెన్సారే తప్పు చెప్పవచ్చు. నేను ఎప్పుడూ డీజిల్ నడిచే దారినే నడుస్తాను. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఇంజను వైపు వస్తాను. అదృష్టవశాత్తూ చూడటానికి తేలికైనవి, చవకైనవి అన్నీ ట్యాంకు వైపే ఉంటాయి, ఖరీదైనవన్నీ చివర ఉంటాయి. మీరు చివరి నుంచి మొదలుపెట్టారు.

నా పెట్టెలో డీజిల్‌ను తట్టుకునే పారదర్శకమైన గొట్టం ముక్క ఒకటి, మూరెడు పొడవున్నది, రెండు చివరలా క్లిప్పులతో సహా ఎప్పుడూ ఉంటుంది. ఫీడు పంపుకు ముందు దాన్ని తగిలించి ఇంజను నడిపిస్తాను. దారి బాగుంటే గొట్టంలో డీజిల్ కదులుతోందో లేదో కూడా తెలియనంత నిర్మలంగా ఉంటుంది. గాలి పడుతుంటే చీమ తలంత బుడగలు వరసగా పరుగెడతాయి, రేసు పెంచిన కొద్దీ ఆ వరస చిక్కబడుతుంది. అప్పుడు ట్యాంకు వైపు ఒక్కొక్క అతుకునూ చేత్తో కదిలించి చూస్తే, ఏదో ఒకచోట వేలు పెట్టి నొక్కగానే బుడగలు ఆగిపోతాయి. ఆ గొట్టం ముక్క నాకు ఎన్ని ఇంజెక్టర్లను మిగిల్చిందో లెక్కలేదు.

ఆ తర్వాత కూడా ఇంజెక్టర్ల మీద అనుమానం ఉంటే రిటర్ను పరీక్ష చేయండి. ఒక్కొక్క ఇంజెక్టరు రిటర్ను గొట్టాన్ని ఒక్కొక్క సీసాలోకి వదిలి, తయారీదారు చెప్పినంతసేపు ఇంజను నడిపి, ఆరు సీసాలనూ ఒకే వరసలో నిలబెట్టి చూడండి. అయిదింటిలో వేలెడు ఎత్తు, ఒకదానిలో జానెడు ఎత్తు డీజిల్ ఉంటే దొంగ ఎవరో మీకే కాదు, బండి యజమానికి కూడా కనిపిస్తుంది. మార్చాలని చెప్పినప్పుడు ఆయన మీ మాట నమ్మడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఐడిల్ ఊగడం సంగతి. మీ ఇంజెక్టర్ల తల మీద అంకెలు, అక్షరాలు కలిసిన చిన్న కోడు చెక్కి ఉందేమో చూడండి. ఇలాంటి ఇంజెక్టర్లలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా డీజిల్ చిమ్మవు. ఆ కొద్దిపాటి తేడాను కర్మాగారంలోనే కొలిచి కోడుగా రాస్తారు. కొత్త ఇంజెక్టరు వేసినప్పుడు అది ఏ సిలిండరులో ఉందో ఆ స్థానానికి దాని కోడును స్కానరుతో ఇంజను కంప్యూటరులో ఎక్కించాలి. ఎక్కించకపోతే పాత ఇంజెక్టరు లెక్కతోనే కొత్తదానికి ఆజ్ఞలు వెళతాయి. మీ బండి ఊగడానికి నేను మొదట చూసేది ఇదే. రెండోది, ఇంజెక్టరు కింద రాగి వాషరు కూర్చునే చోటును బొగ్గు లేకుండా శుభ్రం చేశారా, పాత వాషరు అడుగున అతుక్కుని ఉండగానే కొత్తది వేశారా అన్నది.

నేనూ ఇలాంటి తప్పు చేశాను, అదీ పదేళ్ల అనుభవం వచ్చాక. ఒక ఇంజను కూలెంటును రేడియేటరులోంచి పైకి తన్నుతోందని, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌ను కొత్తది వేశాను. వారానికే మళ్లీ వచ్చింది. గాస్కెట్ నాసిరకందేమో అనుకుని రెండోసారి వేశాను. మూడోసారి వచ్చినప్పుడు సిగ్గుపడి, డయల్ గేజి తెచ్చి ప్రతి లైనరు (పిస్టను తిరిగే గొట్టం) బ్లాకు మట్టం కంటే ఎంత పైకి ఉందో కొలిచాను. నాలుగో లైనరు పక్కవాటికంటే కిందికి దిగి ఉంది. దాని అంచు కూర్చునే మెట్టు అరిగిపోవడంతో గాస్కెట్ మీద అక్కడ తగినంత ఒత్తిడి పడటం లేదు. పావుగంట పట్టే ఆ కొలతను మొదటిరోజే తీసి ఉంటే రెండుసార్లు హెడ్డు దింపే పని తప్పేది. అప్పటినుంచి ఏ బండి వచ్చినా ఫిర్యాదు, చూసిన కొలత, చేసిన పని, ఫలితం నాలుగూ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మీరు కూడా ఈ ఇంజెక్టర్ల కథతోనే మొదటి పేజీ ప్రారంభించండి.

జవాబు 2: పంపు, నాజిల్ గదిలో పనిచేసే మెకానిక్

పై అన్నగారు చెప్పిన ప్రతి మాటనూ అంగీకరిస్తూనే ఒక విషయం చేర్చదలచాను. ఆయన మాటలు చదివి, స్కానరు చెప్పేది కోడు మాత్రమేనని మీరు అనుకోకూడదు. కోడు కనిపించే పేజీ దగ్గర ఆగిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అదే స్కానరులో నడుస్తున్న ఇంజను లెక్కలు చూపే పేజీ ఉంటుంది. అందులో కంప్యూటరు అడుగుతున్న రైలు ప్రెషరు, నిజంగా ఉన్న రైలు ప్రెషరు పక్కపక్కన కనిపిస్తాయి. ఆ రెండు గీతలనూ చూస్తూ బండిని లోడుతో నడిపితే, ప్రెషరు స్థిరంగా ఒకే మోతాదులో తక్కువగా ఉందా, ఉండి ఉండి రంపం పళ్లలా పడి లేస్తోందా, బరువు పడినప్పుడే జారిపోతోందా తెలుస్తుంది. గాలి పట్టిన బండిలో సాధారణంగా ఆ రంపం పళ్లే కనిపిస్తాయి. ఒక్కొక్క సిలిండరునూ స్కానరుతోనే ఆపి, ఇంజను శబ్దం మారుతుందో లేదో వినవచ్చు. మారని సిలిండరే పనిచేయనిది. ఇక్కడ చెవి, స్కానరు రెండూ కలిసే పనిచేస్తున్నాయి కాబట్టి రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన అవసరం మీకు లేదు.

ఇది చెప్పడానికి ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. పాత పద్ధతిలో, నడుస్తున్న ఇంజనుకు ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టును కాస్త వదులుచేసి, ఏది వదులుచేస్తే శబ్దం మారలేదో చూసి మిస్సవుతున్న సిలిండరును పట్టేవారు. బాష్ సంస్థ 1927లో డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టిన నాటి నుంచి దశాబ్దాల పాటు పైపులతో పనిచేసే పంపులే రాజ్యమేలాయి. అందుకే ఆ అలవాటు గురువు నుంచి శిష్యుడికి సంక్రమిస్తూ వచ్చింది. 1995లో డెన్సో సంస్థ ట్రక్కు ఇంజనులో కామన్ రైలును ప్రవేశపెట్టింది. నేటి రైలులో ప్రెషరు 2,000 బార్ వరకూ, కొన్ని ఇంజన్లలో అంతకంటే ఎక్కువగానూ ఉంటుంది. లారీ టైరులో ఉండే గాలి ఎనిమిది, తొమ్మిది బార్‌లు మాత్రమేనని గుర్తుతెచ్చుకుంటే ఆ 2,000 ఎంతో అర్థమవుతుంది. నడుస్తున్న కామన్ రైల్ ఇంజనులో ఏ నట్టునూ వదులుచేయకూడదు, కారుతున్న చోట వేలు పెట్టి తడమకూడదు. వెంట్రుకవాసి రంధ్రం నుంచి వచ్చే డీజిల్ ధార చేతి తొడుగును, చర్మాన్ని దాటి కండలోకి దిగుతుంది. పైకి సూది గుచ్చిన చుక్కలా ఉంటుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. లోపల మాత్రం కణజాలం చచ్చిపోతూ ఉంటుంది. నాతో పనిచేసిన ఒకాయన ఆ చుక్కను తుడుచుకుని సాయంత్రం దాకా పనిచేశారు, తెల్లారేసరికి చేయి మోచేతి దాకా వాచిపోయింది, చివరకు చూపుడువేలు తీసేయవలసి వచ్చింది. అలా ఎవరికి జరిగినా చిన్న గాయమని చూడక, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లి, ప్రెషరుతో డీజిల్ లోపలికి వెళ్లిందని వైద్యుడికి స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకాలంటే దూరంగా ఉండి అట్టముక్కను పట్టుకుని చూడండి. పైపులు విప్పేముందు ఇంజను ఆపి, రైలు ప్రెషరు దిగిందని స్కానరులో చూసుకోండి.

మీరు అడగలేదు గానీ శుభ్రత గురించి కూడా చెప్పాలి. నా గదికి వచ్చే చాలా ఇంజెక్టర్లు అరిగి రావు, దుమ్ము పట్టి వస్తాయి. పైపు విప్పిన వెంటనే రెండు చివరలకూ మూతలు పెట్టని షెడ్డులో కొత్త ఇంజెక్టరు కూడా ఎక్కువ కాలం మన్నదు. బిగించే చోట తుడవడానికి నూలుపీచు వాడితే ఆ పోగే లోపల అడ్డం పడుతుంది.

జవాబు 3: పని మానుకుని ఇప్పుడు శిక్షణ ఇస్తున్న పెద్ద మెకానిక్

మీ ప్రశ్నలో అందరూ ఇంజను గురించి మాట్లాడి వదిలేసిన భాగం మీ శరీరం. నేను ముప్పై రెండేళ్లు ఈ పని చేశాను కనుక దాని గురించే రాస్తాను.

బేరింగు పాడవడం మొదలైనప్పుడు సన్నని కీచు శబ్దం ఒకటి వస్తుంది. ఒకప్పుడు ఆ శబ్దాన్ని నేను బండి షెడ్డులోకి మలుపు తిరుగుతుండగానే పట్టేవాణ్ణి. ఇప్పుడు అది నాకు వినిపించదు. పక్కనున్న కుర్రవాణ్ణి పిలిచి, వస్తోందా లేదా అని అడగాలి. గాలితో నడిచే గన్నుతో చక్రాల నట్లు విప్పేటప్పుడు చెవులకు ఏ రక్షణా పెట్టుకోలేదు, పెట్టుకున్నవారిని చూసి సున్నితం అనుకునేవాళ్లం. 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని, ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గుతుందని తర్వాత ఎప్పుడో తెలుసుకున్నాను. ఆ గన్నుల్లో చాలా వాటి చప్పుడు 100 డెసిబెళ్లు దాటుతుంది. అంటే అందులో రోజుకు పదిహేను నిమిషాలకు మించి ఉండకూడదు. మీ చెవుల్లో రాత్రి మోగుతున్న శబ్దం హెచ్చరిక. వెంటనే చెవి వైద్యుడికి చూపించుకోండి, రేపటినుంచే ఇయర్ మఫ్‌లు పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు. లోపాన్ని పట్టుకునే పనిముట్లలో మీ చెవి మొదటిది కాబట్టి దాన్ని కాపాడుకోవడం కూడా పనిలో భాగమే.

పొగ విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ ఇంజను పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. షెడ్డు తలుపులు మూసి ఇంజను నడపవద్దు, సైలెన్సరుకు పొగ గొట్టం తగిలించి బయటికి వదలండి. పాత ఇంజను ఆయిలును ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, చేతులు డీజిల్‌తో కడుక్కోవద్దు. డీజిల్‌తో కడిగితే మురికి తొందరగా పోతుందన్నది నిజమే, దానితోపాటు చర్మంలోని జిడ్డు కూడా పోయి పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోకి ఆయిలు దిగుతుంది.

ఇక ఒక్క క్షణంలో ప్రాణం తీసేవి రెండున్నాయి. మొదటిది వెనక చక్రాల దగ్గరుండే పార్కింగు బ్రేకు ఛాంబరు. అందులోని స్ప్రింగును గాలి నొక్కిపట్టి ఉంచితే బ్రేకు వదులుతుంది, గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు పడుతుంది. ట్యాంకులలో గాలంతా వదిలేశాం గనుక భయం లేదని కొత్తవారు అనుకుంటారు. గాలి లేకపోయినా ఆ స్ప్రింగు డబ్బాలో నొక్కుకునే ఉంటుంది. దాని పట్టీని విప్పితే మూత ఫిరంగి గుండులా లేచి వస్తుంది. ఛాంబరు మార్చేముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, దానికోసమే ఇచ్చిన బోల్టును లోపలికి తిప్పి స్ప్రింగును బంధించండి, పట్టీని మాత్రం ఎన్నడూ విప్పవద్దు. పాడైన ఛాంబరును మొత్తంగా మార్చడమే సరైన పద్ధతి. రెండోది, జాకీ మీద మాత్రమే నిలబడి ఉన్న బండి కిందికి దూరడం. జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. ఎత్తిన క్యాబిన్ లాకు పడిందో లేదో చూడకుండా తల పెట్టడం కూడా దీనికిందికే వస్తుంది.

నడుము గురించి అడిగారు కనుక చెబుతున్నాను. గేరుబాక్సును పొట్ట మీద ఆనించుకుని ఎక్కించినవాణ్ణి నేనే, అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పుకు మూల్యంగా ఈనాడు చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కూడా కూర్చోవలసి వస్తోంది. ట్రాన్స్‌మిషన్ జాకీ వచ్చేదాకా ఆగండి, లేకపోతే మరో ఇద్దరిని పిలవండి. యజమాని తొందరపెడితే మర్యాదగానే కాదనండి. అరవై ఏళ్లదాకా ఈ పని చేసినవారిని నేను చాలామందిని చూశాను. వారంతా బలవంతులని చెప్పలేను గానీ, బరువును యంత్రానికి అప్పగించడం ముందుగా నేర్చుకున్నవారు.

జవాబు 4: సొంత లారీ నడుపుకునే డ్రైవరు

మెకానిక్‌లు మాట్లాడుకుంటున్న చోట డ్రైవరుగా ఒక మాట చెప్పే అవకాశం ఇవ్వండి. మేము షెడ్డుకు వచ్చినప్పుడు చాలామంది మా మాట పూర్తికాకముందే బానెట్టు ఎత్తుతారు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా, ఖాళీ బండిలోనా, లోడు మీదనా, ఏ స్పీడులో, ఎప్పటినుంచి, దానికి ముందు బండికి ఏ పని జరిగింది అని ఓపికగా అడిగేవారు అరుదు.

నా బండి ఒకప్పుడు ఒక స్పీడు దాటగానే వణకడం మొదలుపెట్టింది. ఇంజను మౌంటింగులు మార్చారు, చక్రాలు బ్యాలెన్సు చేశారు, వణుకు పోలేదు. మరో చోట ఒక పెద్దాయన ఏదీ ముట్టుకోకుండా, ఇది మొదలవడానికి ముందు ఏ పని చేయించారని అడిగాడు. గేరుబాక్సు దింపారని చెప్పాను. ఆయన నేరుగా కింద పడుకుని ప్రొపెల్లర్ షాఫ్టు చూపించాడు. దింపి మళ్లీ ఎక్కించినప్పుడు జారే కీలు దగ్గర బాణం గుర్తులు రెండూ ఎదురెదురుగా కలపకుండా బిగించారు. విప్పి గుర్తులు కలిపేసరికి వణుకు మాయమైంది, కొత్త భాగం ఒక్కటి కూడా పడలేదు. ఆనాటి నుంచి నా బండి ఆయన చేతికి తప్ప మరొకరికి ఇవ్వలేదు. వీలుంటే డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని బండిని ఒకసారి నడిపించి చూడండి. మాకు భాగాల పేర్లు తెలియకపోయినా, జబ్బు ఎప్పుడు వస్తుందో మాకంటే బాగా తెలిసినవారు ఉండరు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు రాసినవి రెండుసార్లు చదివి, యజమాని అనుమతి తీసుకుని ఆ బండిని మళ్లీ షెడ్డుకు రప్పించాను. ఇంజెక్టర్ల మీది కోడులను స్కానరులో ఉన్నవాటితో పోల్చి చూస్తే ఆరింటిలో ఒక్కటి కూడా కలవలేదు. నేను ఎక్కించవలసిన సంగతే నాకు తెలియలేదు కాబట్టి అవన్నీ పాత ఇంజెక్టర్లవే. సిలిండరు వరస ప్రకారం ఆరింటినీ ఎక్కించాక ఊగడం చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అప్పుడు స్కానరుతో ఒక్కొక్క సిలిండరును ఆపుతూ విన్నాను. రెండో సిలిండరును ఆపినప్పుడు శబ్దంలో మార్పు మిగతావాటికంటే తక్కువగా ఉంది. ఆ ఇంజెక్టరు తీసి చూస్తే, మొదటి జవాబులో చెప్పినట్టే, అడుగున పాత రాగి వాషరు అతుక్కుని ఉంది, దానిమీదే నేను కొత్తది వేసి బిగించాను. రెండు వాషర్ల మందం వల్ల ఇంజెక్టరు ముక్కు పైకి జరిగి ఉంది. దాన్ని తీసి, చోటు శుభ్రం చేసి, కొత్త వాషరుతో టార్కు (చెప్పినంత బిగింపు) ప్రకారం బిగించాక ఇంజను నిలకడగా నడుస్తోంది. ఇయర్ మఫ్‌లు తెచ్చుకున్నాను, చెవి వైద్యుడి దగ్గరకు వచ్చే వారం వెళుతున్నాను.

ఇంకొక్క చిన్న సందేహం. నేను తీసేసిన పాత ఇంజెక్టర్లు ఆరూ షెడ్డులోనే ఒక డబ్బాలో పడి ఉన్నాయి. వాటిని పరీక్ష చేయించడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

జవాబు 2 రాసిన మెకానిక్ నుంచి

తప్పకుండా చేయించండి. అసలు జబ్బు గొట్టానిదే అయినప్పుడు వాటిలో చాలావరకు మంచివే అయి ఉండే అవకాశం ఉంది. బెంచి మీద పెట్టి ప్రెషరు, చిమ్మే తీరు, రిటర్ను మోతాదు కొలిస్తే నిజం తేలుతుంది, పనికొచ్చేవి ఉంటే యజమానికి కలిగిన నష్టంలో కొంతైనా పూడుతుంది. పంపేముందు ముక్కుకూ, డీజిల్ వచ్చే చివరకూ మూతలు పెట్టండి, ఏది ఏ సిలిండరుదో గుర్తుంటే చీటీ కట్టండి, తల మీది కోడు చెరిగిపోకుండా చూడండి. ముక్కు మీది బొగ్గును తీగ బ్రష్షుతో గీకవద్దు, ఆ సన్నని రంధ్రాలు చెడిపోతాయి. అది మేము చూసుకుంటాం. పరీక్ష జరిగేటప్పుడు వీలైతే మీరే దగ్గరుండి ఒక్కొక్కదాని కొలతను మీ నోటుపుస్తకంలో రాసుకోండి.